మిద్దె మీద డాక్టరమ్మ, నా ఎడమ కాలు

పోయిన మంగళవారం సాయంత్రం మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండా వాకిట్లోనే నిలబడిపోయాడు. చెప్పలేని మాట ఏదైనా ఉంటే ఆయన అట్లాగే నిలబడతాడు. నేను చేటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తి చూశాను.

"మిద్దె మీద డాక్టరమ్మ పోయిందంట," అన్నాడు. "నిన్న పొద్దున, చిత్తూరులో. బస్టాండులో ఆయమ్మ దగ్గర చదువుకున్న పిల్లోడొకడు కనబడి చెప్పినాడు."

నేను చేట పక్కన పెట్టి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు. ఎక్కడికి పోవాలో తోచక మళ్ళీ కూర్చున్నాను. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా అట్లా లేవగలగడం, కూర్చోగలగడం ఆమె చలవేనని కాసేపటికి గాని గుర్తు రాలేదు. అప్పుడు ఏడుపు వచ్చింది.

మేము ఆ ఇల్లు వదిలి చాలా ఏళ్ళయింది. ఆమె ఉద్యోగం విరమించి చిత్తూరు చేరి కూడా కొన్నేళ్ళయింది. అయినా మా ఇంట్లో ఆమె ఎప్పటికీ మిద్దె మీద డాక్టరమ్మే. ఆమె దగ్గర చదువుకుని డాక్టర్లయిన వాళ్ళు ఊరూరా ఉన్నారు. ఆమె చదువు గురించి వాళ్ళు రాస్తారు. నేను నగరిలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, తిరుపతిలో ఒక గుమస్తాను పెళ్ళి చేసుకున్నదాన్ని. ఆమె చెప్పిన పాఠాల్లో నాకు తెలిసింది ఒక్కటే. అది నా కాలి గురించిన పాఠం. అదే మీకు చెబుతాను.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు మా పెళ్ళయింది. తిరుపతిలో రైల్వే స్టేషనుకు కాస్త ఎడంగా ఒక సందులో కింద వాటా అద్దెకు తీసుకున్నాం. అందులో మా ఆయన, నేను, మా అత్త. పై వాటాలో డాక్టరమ్మ, ఆమె భర్త. పిల్లలు లేరు. ఆయన ఒక కాలేజీలో సంస్కృతం చెప్పేవాడు. ఆమె మెడికల్ కాలేజీలో మొదటి ఏడు చదివే పిల్లలకు శరీరంలో ఏది ఎక్కడ ఉంటుందో, ఏ నరం ఎటు పోతుందో శవాన్ని కోసి చూపించి చెప్పేది.

ఆ సంగతి వీధంతా తెలుసు. చచ్చినోళ్ళ డాక్టరు అనేవాళ్ళు. జ్వరమొచ్చినా దగ్గొచ్చినా ఎవరూ ఆమె గడప ఎక్కేవాళ్ళు కాదు. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఆమె నేరుగా పెరట్లో కుళాయి దగ్గరికి పోయేది. నిమ్మతొక్కలతో చేతులు మోచేతుల దాకా రుద్దుకునేది. శవాలు చెడిపోకుండా పోసే మందు వాసన, కళ్ళు మండించే వాసన, ఆమె చీరలోంచి వచ్చేది. సంస్కృతం మాస్టారు తుండుగుడ్డ పట్టుకుని మెట్ల మీద కాచుకుని ఉండేవాడు. నేను కొత్త కోడలిని. కిటికీలోంచి చూసేదాన్ని. ఆమె ఒకసారి నన్ను చూసి నవ్వింది. నేను లోపలికి పారిపోయాను.

నా మొదటి కాన్పు నగరిలో పుట్టింట్లో జరగాల్సింది. కానీ అక్కడి డాక్టరు చూసి, బిడ్డ పెద్దగా ఉంది, తిరుపతికే పొమ్మంది. అమ్మ మూట కట్టుకుని నాతోపాటు బస్సెక్కింది. కార్తీకమాసం. ఒక పొద్దున మొదలైన నొప్పులు మర్నాటికి గాని తేలలేదు. మోకాళ్ళు పొట్టకేసి మడిచి, కాళ్ళు ఎత్తి పట్టుకుని ఎంతసేపు ఉన్నానో నాకు తెలియదు. చివరికి మగబిడ్డ. బొద్దుగా, నల్లగా, జుట్టంతా నుదుటి మీదికి వచ్చి ఉన్నాడు. వాణ్ణి చూసిన సంతోషంలో నా కాలి సంగతి ఎవరూ చూడలేదు. నేనూ చూసుకోలేదు.

మంచం దిగి నిలబడబోతే ఎడమ మోకాలు తడిసిన అట్టముక్కలా మడుచుకుపోయింది. నర్సమ్మ పట్టుకుంది. "నీరసమమ్మా, నాలుగు ముద్దలు తింటే సర్దుకుంటాది," అంది. సరే అనుకున్నాను. ఇంటికొచ్చాక గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని తిరిగాను. మా అత్త చూస్తే ఏమంటుందో అని భయం. చెయ్యి పెడితే ఆ తొడ నాది కాదేమో, పక్కన ఇంకెవరో పడుకున్నారేమో అనిపించేది. అది కూడా ఎవరికీ చెప్పలేదు.

పురిటి స్నానం నాడు బయటపడింది. పెరట్లో పీట మీద కూర్చోబెట్టి అమ్మ వేడినీళ్ళు పోస్తూ ఉంది. బాలింతకు ఎంత వేడి పోస్తే అంత మంచిదని వాళ్ళ నమ్మకం. కుడి కాలి మీద పడ్డప్పుడల్లా నేను అరుస్తున్నాను. ఉన్నట్టుండి అమ్మ చెంబు ఆపేసింది.

"ఏమ్మే, ఎడమ తొడ మీద ఇంతింత బొబ్బలు లేసినాయి, నొప్పి అనవేందే?"

"నొప్పి లేదమ్మా."

"సలసల కాగే నీళ్ళు పడితే నొప్పి లేదా?" అని అమ్మ తొడ మీద గిచ్చింది. నేను ఊరికే చూస్తున్నాను. "ఓ దేవుడా, నా బిడ్డ కాలు సచ్చిపోయిండాది!" అని పెద్దగా ఏడ్చింది.

అప్పుడే డాక్టరమ్మ కాలేజీకి పోతూ మెట్లు దిగుతోంది. ఆ కేక విని సంచీతోనే పెరట్లోకి వచ్చింది. బొబ్బలు చూసింది. నా ముఖం చూసింది. సంచీ తులసికోట మీద పెట్టి, అమ్మతో, "అక్కా, నీళ్ళు చాలు. నీ కూతుర్ని లోపల పడుకోబెట్టు," అంది. తర్వాత పైకి చూసి, "ఏమండీ, నేను ఈ పూట పోవడం లేదు!" అని కేకేసింది.

చల్లటి తడిగుడ్డ బొబ్బల మీద వేశాక ఆమె నా పక్కన మంచం మీద కూర్చుంది. దూదిని పుల్లలా చుట్టింది. "కళ్ళు మూసుకో పాపా. తగిలితే తగిలిందను. తగలకపోతే గమ్మునుండు."

నేను కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు గమ్మునే ఉన్నాను. అంతసేపు ఆమె ఏమీ చేయడం లేదనుకున్నాను. కళ్ళు తెరిచి చూస్తే, పేపర్లు దిద్దే ఊదారంగు పెన్సిలు నాలుకతో తడుపుకుంటూ నా కాలి మీద గీత గీస్తోంది. దూది తెలిసిన చోటికీ తెలియని చోటికీ మధ్య ఆ గీత. తొడ ముందు భాగాన్నంతా చుట్టి, మోకాలు దాటి, పిక్క లోపలి పక్కగా చీలమండ దాకా దిగింది. తొడ బయటి పక్కా, వెనకా, పాదం పైనా స్పర్శ బాగానే ఉంది.

తర్వాత నన్ను మంచం అంచున కాళ్ళు వేలాడేసి కూర్చోమంది. వంటింట్లోంచి అప్పడాల కర్ర తెమ్మంది. కుడి మోకాలి చిప్ప కింద కర్రతో చిన్నగా కొట్టింది. కాలు ఎగిరింది. ఎడమ మోకాలి కింద కొట్టింది. అది ఎగరలేదు. మళ్ళీ కొట్టింది. కాలు వేలాడుతూనే ఉంది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆమె ముఖంలో కూడా రంగు మారింది. ఆ తర్వాత తన పిడికిలి నా మోకాళ్ళ మధ్య పెట్టి, "గట్టిగా నొక్కు," అంది. నొక్కాను. "ఇంకా గట్టిగా." ఆమె చెయ్యి లాక్కోలేకపోయింది. "వేళ్ళు ఆడించు." ఆడించాను. "పాదం పైకి ఎత్తు." ఎత్తాను. అప్పుడు ఆమె ఊపిరి వదిలింది.

"పక్షవాతం కాదు. వెన్నులోదీ కాదు," అంది. "ఒకే ఒక్క నరం."

పెన్సిలుతో నా పొట్ట మీదా తొడ మీదా చూపిస్తూ చెప్పింది. నడుము దగ్గర వెన్నులోంచి ఒక్కో పక్క ఆరు నరాలు బయలుదేరతాయట. రెండు పొత్తికడుపు చుట్టూ నడికట్టులాగా ముందుకొస్తాయి. ఒకటి గజ్జల్లోకి పోతుంది. ఒకటి తొడ బయటి పక్కకు, ఒకటి లోపలి పక్కకు. అన్నిటికంటే లావుది గజ్జల్లో ఒక పట్టీ కిందుగా దూరి తొడ ముందుకొస్తుంది. మోకాలు బిగించి మనిషిని నిలబెట్టేది అదే. "కాళ్ళు అంతసేపు మడిచి పెట్టినారు గదా, ఆ పట్టీ కింద నలిగిపోయింది. ఎవురి తప్పూ కాదు. బిడ్డ పెద్దోడు, దారి చిన్నది. లోపలి పక్క నరం బాగుండబట్టే నా పిడికిలి నలిపినావు."

"మళ్ళీ వస్తాదా డాక్టరమ్మా?" అని అమ్మ అడిగింది.

"వస్తాదక్కా. మెల్లగా వస్తాది."

అంతసేపూ వంటింటి గడప దగ్గర బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉన్న మా అత్త అప్పుడు నోరు విప్పింది. తిరుచానూరు పక్కన ఒక పల్లెలో వాతలు పెట్టే ఆయన ఉన్నాడని, పడిపోయిన కాళ్ళు ఎన్నో లేపాడని, రేపే బండి మాట్లాడాలని ఆమె పట్టుదల. అమ్మను పక్కకు పిలిచి, అందరికీ వినబడేట్టే అంది: "ఆయమ్మ సచ్చినోళ్ళను కోసే డాక్టరు గదా. బతికినోళ్ళ సంగతి ఆయమ్మకేం తెలుస్తాది?"

నాకు తల కొట్టేసినట్టయింది. డాక్టరమ్మ మాత్రం నవ్వింది.

"నిజమే పెద్దమ్మా. నాకు నేర్పించింది సచ్చినోళ్ళే. నరం యాడుంటాదో వాళ్ళే చూపించినారు. మీ కోడలికీ ఆడే ఉండాది, కొత్తగా ఇంకో చోట ఉండదు." తర్వాత నవ్వు మానేసి, మా అత్త చెయ్యి పట్టుకుంది. "వేడినీళ్ళే తెలీలేదు పాపకు. వాత పెడితే తెలుస్తాదా? ఎముక దాకా కాల్చినా గమ్మున కూర్చునుంటాది. ఆ పుండు మానకుంటే, నరం బాగయినా కాలు చెడిపోతాది. ఉగాది దాకా నన్ను నమ్మండి. అప్పటికీ కాలు లేవకుంటే మీ ఇష్టం."

మా అత్త బిడ్డను నా పక్కన పడుకోబెట్టి వంటింట్లోకి పోయింది. బండి మాత్రం మాట్లాడలేదు. మర్నాడు డాక్టరమ్మ తనతో పనిచేసే పెద్ద డాక్టరు ఒకాయనను ఇంటికి తీసుకొచ్చి నా కాలు చూపించింది. ఆయన కూడా ఆ మాటే చెప్పి వెళ్ళాడు.

ఆ వారంలోనే నగరి నుంచి మా నాయన వచ్చాడు. మంచం పక్కన నిలబడి ఆమె చెప్పిందంతా విన్నాడు. చివర, మగ్గం మీద పోగు గురించి అడిగినట్టు, ఒకటే అడిగాడు: "తెగిందామ్మా, నలిగిందా?"

"నలిగిందన్నా. తెగలా."

"అట్లయితే సరే," అని మనవణ్ణి కాసేపు ఎత్తుకుని, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు. ఆయనంత నిశ్చింతగా మా ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాక ఆమె పైకి పోకుండా మా ఇంట్లోకి వచ్చేది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కమనేది. కాలు కదలకపోయినా నొక్కినట్టు అనుకోమనేది. వెదురుబద్దలకు పాతచీర పేలికలు చుట్టి మోకాలికి కట్టి, అది మడుచుకోకుండా చేసింది. గడప దాటడం, మెట్లు ఎక్కడం నేర్పింది. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు బద్ధకం కాలు ముందు." నా ఎడమ కాలికి ఆమె పెట్టిన పేరు బద్ధకం కాలు. చచ్చిన కాలు అని అమ్మ ఒకసారి నోరు జారితే, "ఆ మాట అనద్దక్కా, నాకు తేడా తెలుసు," అంది. అంత కఠినంగా ఆమె మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే.

ఆ సాయంత్రాల్లో కబుర్లు చెప్పేది. చిన్నప్పుడు కాన్పుల డాక్టరు కావాలని ఆమె కోరిక. పెళ్ళయ్యాక పెద్దవాళ్ళు, పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి రాగలిగే ఉద్యోగం చూసుకోమన్నారట. శవాల గదికి వేస్తే మొదటి నెలంతా ఏడ్చిందట.

"మళ్ళీ ఎట్ల సర్దుకున్నారు డాక్టరమ్మా?" అని అడిగాను.

"ఒకనాడు ఒక ముసలామె చెయ్యి కోసినా. పనిచేసి పనిచేసి అరిగిపోయిన చెయ్యి. లోపల నరాలు మాత్రం ఎంత తెల్లగా, ఎంత నీటుగా ఉండినాయో పాపా. ఎవరూ చూడని చోట అంత నీటు ఎందుకబ్బా అనిపించింది. ఆపొద్దు నుంచి ఏడ్చింది లేదు."

"భయం వేయదా?"

"భయమెందుకు? వాళ్ళు నన్ను ఒక్కమాట అనరు. అనేదంతా మా ఇంట్లో ఆయనే," అంది. మెట్ల మీద నుంచి మాస్టారు దగ్గాడు.

పుష్యమాసం వెళ్ళిపోయింది. కాలు మారలేదు. తొడ సన్నబడింది. రెండు తొడలూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఏడుపొచ్చేది. నిలబడి బిడ్డను ఎత్తుకోవాలంటే భయం. వాడు ఏడిస్తే అమ్మ తెచ్చి నా ఒళ్ళో పెట్టాలి. మా అత్త ఏమీ అనడం లేదు గాని, ఉగాది ఎన్నాళ్ళుందో క్యాలెండరులో చూసుకుంటోందని నాకు తెలుసు. ఒక సాయంత్రం డాక్టరమ్మ కాలు చూసి పైకి పోతూ మెట్ల మలుపులో ఆగింది. "నేను తప్పు చెప్పినానేమోనండీ," అని భర్తతో మెల్లగా అనడం నా చెవిన పడింది. ఆయన ఏదో అన్నాడు, అది నాకు వినబడలేదు.

మర్నాడు ఆమె రాగానే అడిగేశాను. "నా కాలు రాదా డాక్టరమ్మా?"

ఆమె కాసేపు ఆ తువ్వాలు మడత పెట్టింది, విప్పింది.

"విన్నావా? నాకూ భయంగానే ఉండాది పాపా. బతికుండే మనిషికి నేను మాట ఇచ్చింది ఇదే మొదలు. కానీ ఆ నరం పోయే దారి నాకు తెలుసు. ఆ దారిలో దాన్ని తెంచేది ఏదీ జరగలా. తొందర మనకి గాని, దానికి లేదు." నా మోకాలి కింద తువ్వాలు సర్దింది. "నొక్కు."

నేను నొక్కాను. ఆమె భయపడుతున్నానని చెప్పాక ఎందుకో నా భయం సగం తగ్గింది.

శివరాత్రి పోయి ఎండ ముదురుతున్న రోజులు. ఒక ఆదివారం పొద్దున పాలిచ్చి, బిడ్డను రెండు తొడల మీదా అడ్డంగా పడుకోబెట్టుకుని కూర్చున్నాను. అమ్మ బట్టలు ఆరేస్తోంది. వాడు ఉచ్చ పోశాడు. అది రోజూ ఉండేదే. కుడి తొడకు తడి తెలుస్తుంది, ఎడమ తొడకు చూస్తే గాని తెలియదు. ఆ రోజు నేను చూడలేదు. ఎడమ తొడ మీద, మోకాలికి కాస్త పైన, గోరువెచ్చగా తెలిసింది.

నేను కదల్లేదు. కదిలితే అది పోతుందేమో అనిపించింది. ఆ వెచ్చదనం మెల్లగా చల్లబడడం కూడా తెలిసింది. అప్పుడు అరిచాను. ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. అమ్మ బిడ్డకేమైందోనని పరుగెత్తుకొచ్చింది. మా అత్త పూజలోంచి లేచొచ్చింది. డాక్టరమ్మ తలంటుకుంటూ ఉందేమో, సీకాయ కారుతున్న జుట్టుతో మెట్లు దిగి వచ్చింది.

"తెలుస్తాంది డాక్టరమ్మా! వాడు పోసిన ఉచ్చ తెలుస్తాంది!"

ఆమె అట్లాగే నేల మీద కూర్చుని, తడిసిన నా తొడ మీద వేలితో గీసింది. "ఇక్కడ?" తెలిసింది. "ఇక్కడ?" తెలియలేదు. "ఇక్కడ?" చీమలు పాకినట్టయింది. నేను చెప్పే ప్రతి మాటకూ ఆమె తల ఊపుతోంది. సీకాయ కళ్ళలో పడి మండుతోందో, ఏడుస్తోందో చెప్పడం కష్టం. చివరికి మా వాణ్ణి తీసుకుని, వాడి తడి పిర్రల మీద ముద్దు పెట్టి, "నువ్వురా నాయనా, నువ్వే పెద్ద డాక్టరువి," అంది.

ఆ తర్వాత బలం మెల్లగా వచ్చింది. తువ్వాలు నిజంగానే నలగడం మొదలైంది. ఉగాది నాటికి వెదురుబద్దలు విప్పేశాం. పచ్చడి నేనే నిలబడి కలిపాను. అప్పటికింకా మెట్లు దిగడం కష్టమే. అయినా మా అత్త మొదటి గిన్నె పచ్చడి నా చేతికిచ్చి, "పైకి పొయ్యి ఆయమ్మకు ఇచ్చేసి రా. మంచి కాలు ముందు పెట్టు," అంది.

అన్నిటికంటే చివర వచ్చింది మోకాలి ఎగురుడు. ఎండాకాలం చివర్లో ఒక సాయంత్రం, అలవాటు ప్రకారం ఆమె అప్పడాల కర్రతో కొట్టింది. కాలు ఎగిరి, ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతున్న మా ఆయన చేతిలో లోటాకు తగిలింది. చొక్కా నిండా కాఫీ. అందరం నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు. నా కాలిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"ఎన్ని కాళ్ళు పట్టుకున్నానో పాపా," అంది. "నా చేతి కింద కదిలింది ఇదే."

చచ్చినోళ్ళ డాక్టరు అని వీధిలో ఆమెకు ఉన్న పేరు ఆ ఏడుతో పోయింది. పోగొట్టింది మా అత్తే. ఆమెకు ఎప్పటి నుంచో కుడి తొడ బయటి పక్క మంట. నిప్పు పెట్టినట్టుంటుందని, ఎన్ని నూనెలు రాసినా పోలేదని చెప్పేది. ఒకనాడు డాక్టరమ్మతో ఆ మాట అంది. డాక్టరమ్మ మా అత్తను నిలబెట్టి, నడుము దగ్గర చూసింది. మా అత్త చీర బిగించి కట్టుకుని, కుడి పక్క బొడ్లో ఇంటి తాళాలగుత్తి దోపుకునేది. బీరువా తాళం, పెట్టె తాళం, సొంతూళ్ళో మూసేసిన ఇంటి తాళం అన్నీ అందులోనే.

"పెద్దమ్మా, ఆ గుత్తి తీసి గోడకు తగిలించండి. చీర రొంత వదులుగా కట్టండి."

"మందు?"

"అదే మందు. ఆడ నడుం ఎముక పక్కన ఒక సన్నటి నరం తొడ మీదికి దిగుతాది. మీరు దాని నెత్తిన బరువు పెట్టినారు."

మా అత్త నమ్మలేదు. తాళాలు గోడకు పెడితే కోడలు పెత్తనం చేస్తుందని భయం కూడా ఉండి ఉంటుంది. కొన్నాళ్ళు ఎడమ పక్కకు మార్చి చూసింది. కుడి పక్క మంట తగ్గి, ఎడమ పక్క మొదలైంది. అప్పుడు గుత్తి గోడకెక్కింది. ఇక చూసుకోండి, మా అత్త తిరుచానూరు పూలంగళ్ళ దాకా పోయి ఆమె గురించి చెప్పింది. కాలు నొప్పి, నడుము నొప్పి అంటూ మెట్ల కింద ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. డాక్టరమ్మ సగం మందిని ఆసుపత్రికి పంపేది. మిగతా సగం మందికి పావడా బొందు వదులు చేసుకోమని చెప్పేది.

చిన్న చిన్న అలవాట్లు గుర్తొస్తున్నాయి. పరీక్షల ముందు ఆమె పిల్లలు ఇంటికి వచ్చేవాళ్ళు. పెరట్లో సిమెంటు గచ్చు మీద ముగ్గురాయితో నరాలు గీసి చెప్పేది. కొండ నడిచి దిగిన యాత్రికులు కుంటుకుంటూ మా సందులో పోతుంటే పైనుంచి చూసి, "తొడ ముందర కండలు పట్టేసినాయి పాపం. ఎక్కేదానికన్నా దిగేదానికే అవి ఎక్కువ పనిచేస్తాయి," అనేది. మజ్జిగ తాగి పొమ్మని పిలిచేది. ఎవరైనా తమ ఒంటిని తిట్టుకుంటే ఒప్పుకునేది కాదు. "దాన్ని తిట్టద్దండీ. దానికి చేతనైనంత అది చేస్తానే ఉండాది," అనేది. నా రెండో కాన్పుకు ఆసుపత్రి గదిలో నా తల దగ్గర నిలబడి, కాళ్ళు దించండి, కాసేపు దించండి అని అక్కడి వాళ్ళను అడుగుతూనే ఉంది. ఆడపిల్ల పుట్టింది. మంచం దిగి నా రెండు కాళ్ళ మీద నిలబడ్డాను.

ఇదంతా చదువుతుంటే ఆమె గొప్ప కష్టాలు పడినట్టో, ఎవరూ గుర్తించనట్టో ఎక్కడైనా అనిపిస్తే అది నా చేతకానితనం. ఆమె సంతోషంగా బతికింది. తను చేసే పని తనకు ఇష్టం. సంస్కృతం మాస్టారు అంటే ఇష్టం. కాకరకాయ వేపుడు, రేడియోలో వచ్చే నాటకాలు ఇష్టం. పోయిన చైత్రంలో చిత్తూరు వెళ్ళి చూసినప్పుడు కూడా, గుండె బాగాలేదని మంచం మీద ఉన్నా, మా పిల్లల చదువుల గురించే అడిగింది.

మొన్న శుక్రవారం మా ఆయనా నేనూ చిత్తూరు వెళ్ళొచ్చాం. మాస్టారు వసారాలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె పొద్దున కాఫీ తాగి, మొహాన ఎండ పడుతోంది కిటికీ వేయమందట. ఆయన కిటికీ వేసి తిరిగేలోపల పోయిందట. "నన్ను పిలవను కూడా లేదు," అన్నాడు. మమ్మల్ని భోజనం చేయకుండా పంపనన్నాడు. ఆయనే వడ్డించాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె మంచం మీద ఎట్లా ఉండేదో తలుచుకుందామన్నా నాకు గుర్తు రాలేదు. ఒక సాయంత్రం గుర్తొచ్చింది. మా వాడికి అప్పుడు ఏడాదిన్నర ఉంటుంది. మా సందులో కరెంటు పోయిందని అందరం డాబా మీదికి ఎక్కాం. ఆమె పిట్టగోడ దగ్గర వాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని కొండకేసి చూస్తోంది. వాడి కాళ్ళు ఆమె మెడకు అటూ ఇటూ వేలాడుతున్నాయి. జుట్టు రెండు పిడికిళ్ళతో పట్టుకుని ఉన్నాడు. కొండ మెట్లదారి వెంట దీపాలు ఒకదాని వెనక ఒకటి వెలుగుతూ పైకి పోతున్నాయి. వాడు ఒక్కో దీపానికీ కేక పెడుతున్నాడు. ఆమె వాడి పాదాలు రెండూ చేతుల్లో పట్టుకుని, "ఇంకోటి, అదో ఇంకోటి," అంటోంది. చీకటి పడి మాకు ఆమె ముఖం కనబడటం లేదు. గొంతు మాత్రం వినబడుతోంది.